పందెం కారుకు కొత్త చేతులు

ముందు మీ ఇంట్లోని స్టీలు గ్లాసు ఒకటి తెచ్చుకోండి. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉన్నదైతే మంచిది. దాన్ని నేలమీద పడుకోబెట్టి మెల్లగా తొయ్యండి. తిన్నగా వెళ్ళిందా? వెళ్ళదు. అడుగు ఉన్న వైపుకే తిరుగుతూ గుండ్రంగా చుట్టు కొడుతుంది. ఇప్పుడొక రూపాయి బిళ్ళను నిలబెట్టి దొర్లించండి. ఏ పక్కకు వాలితే ఆ పక్కకే వంపు తిరిగి పోతుంది. వాలిన చక్రానికి తిన్నగా పోవడం చేతకాదన్నమాట.

మరి అలాంటి వాలిన చక్రాలను కావాలనే కారుకు బిగిస్తారంటే నమ్ముతారా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుసేన్‌సాగర్ పక్క రోడ్లమీద ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగింది. ఆ కార్ల ఫోటో ఎక్కడైనా దొరికితే ఎదురుగా పెట్టుకుని చూడండి. ముందు చక్రాల పైభాగాలు ఒకదానివైపు ఒకటి కొంచెం ఒరిగి కనిపిస్తాయి. చక్రానికీ కారు శరీరానికీ మధ్య సన్నని కడ్డీలు కూడా ఉంటాయి. వాటినే సస్పెన్షన్ ఆర్మ్‌లు అంటారు. ఆర్మ్ అంటే చెయ్యి. చక్రాన్ని పట్టుకుని ఉండే చేతులివి. చక్రం ఎంత వాలాలో నిర్ణయించేది వీటి పొడవే.

మామూలు కార్లలో ఇవి లోపల దాగి ఉంటాయి. ఉదాహరణకు మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న కారును తీసుకుందాం. జపానులోని మాజ్దా సంస్థ దీన్ని 1989లో విడుదల చేసింది. బరువు టన్నుకు కాస్త తక్కువ. ఇలాంటి పాత కార్లను కొని, వాటిని పందెం బాటకు తగినట్టు తమ చేతులతో మార్చుకునే ఔత్సాహికులు జపానులో, అమెరికాలో, ఐరోపాలో చాలామంది ఉన్నారు. ఈ కారు ముందు చక్రం ఒక్కోదానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి ఉంటాయి. రెండూ దాదాపు ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఆకారంలో ఉంటాయి. రెండు కాళ్ళు కారు శరీరానికీ, కొన చక్రానికీ తగిలి ఉంటాయి. వాలు మార్చుకునే ఏర్పాటు కంపెనీవాళ్ళు కొంత ఇచ్చారు గాని, పందేనికి అది చాలదు. అందుకే పై చేతిని తీసేసి, పొడవు మార్చుకోగల కొత్త చేతిని బిగిస్తారు.

అసలు వాలు ఎందుకు? చిన్న లెక్క వేద్దాం. కారు గంటకు 72 కి.మీ., అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరుగుతోందనుకోండి. వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం వస్తుంది: 400 ÷ 50 = 8. కారు ద్రవ్యరాశి 1000 కిలోలైతే, దాన్ని మలుపులోకి లాగడానికి 8000 న్యూటన్ల బలం కావాలి. ఈ బలాన్ని ఇచ్చేది ఎవరు? రోడ్డుకు ఆనుకున్న నాలుగు టైరు ముక్కలు మాత్రమే. ఒక్కొక్కటి మీ అరచేతికన్నా పెద్దగా ఉండదు. పైగా మలుపులో బరువు బయటివైపు చక్రాలమీదికి జరుగుతుంది. కారు శరీరం బయటికి ఒరుగుతుంది. దానితోపాటు బయటి చక్రం పైభాగం కూడా బయటికి వాలుతుంది. అప్పుడు అరచేయంత ముక్క కాస్తా వేళ్ళంత అంచుగా మిగులుతుంది. సరిగ్గా పట్టు కావలసిన క్షణంలోనే పట్టు జారుతుంది.

అందుకని ముందే చక్రాన్ని లోపలికి వాల్చి ఉంచుతారు. మలుపులో శరీరం ఒరిగినప్పుడు ఆ చక్రం నిటారుగా వచ్చి నిండుగా నేలకు ఆనుతుంది. ఈ వాలునే క్యాంబర్ అంటారు. లోపలికి వాలితే రుణ క్యాంబర్. మామూలు కార్లకు ఇది సున్నాకు దగ్గరగా, మహా అయితే ఒక డిగ్రీ ఉంటుంది. పందెం బాటమీద రెండున్నర, మూడు డిగ్రీలు కూడా పెడతారు. గ్లాసు సంగతి గుర్తుంది కదా! కుడి చక్రం ఎడమకు, ఎడమ చక్రం కుడికి తిరగాలని చూస్తాయి. రెండూ సమానంగా ఉంటే ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. సమానంగా లేకపోతే కారు తిన్నటి రోడ్డుమీద కూడా ఒక పక్కకు లాగుతుంది. ఇంట్లో వాడుకునే కారుకు ఇంత వాలు పెట్టకూడదు. టైరు లోపలి అంచు ఊరికే అరిగిపోతుంది, తిన్నగా పోతూ బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది.

ఇక కొత్త చేతిని బిగించే పని. పాతదాన్ని విప్పాక రెంటినీ బల్లమీద పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలవాలి. కొత్తదాన్ని మొదట పాతదానంత పొడవుకే తెచ్చుకోవాలి. ఎక్కడినుంచి బయలుదేరామో తెలిస్తేనే ఎంత మార్చామో తెలుస్తుంది. కారును జాకీతో పైకెత్తాక కింద ఇనుప స్టాండ్లు పెట్టనిదే ఎవరూ దాని కింద తల పెట్టరాదు. జాకీ ఎత్తడానికే గాని మొయ్యడానికి కాదు.

కొత్త చేతి పొడవు మారే తీరు ముచ్చటగా ఉంటుంది. మధ్య గొట్టానికి ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉంటాయి. గొట్టాన్ని ఒక వైపు తిప్పితే రెండు చివరలూ ఒకేసారి బయటికి వస్తాయి, రెండో వైపు తిప్పితే రెండూ లోపలికి పోతాయి. మర అంతరం 1.5 మి.మీ. అయితే, ఒక పూర్తి చుట్టుకు పొడవు 3 మి.మీ. మారుతుంది. పై చేతి కొనకూ, కింది చేతి కొనకూ మధ్య నిలువు దూరం 240 మి.మీ. అనుకుందాం. ఒక డిగ్రీ అంటే వ్యాసార్ధంలో 57.3వ వంతు కాబట్టి, 240ని 57.3తో భాగిస్తే సుమారు 4.2 మి.మీ. అంటే చేతిని 4.2 మి.మీ. పొట్టి చేస్తే చక్రం ఒక డిగ్రీ వాలుతుంది. ఒక్క చుట్టుకు దాదాపు 0.7 డిగ్రీ!

పొడవు కుదిరాక లాక్ నట్టు బిగించాలి. అది వదులైతే గొట్టం తనంతట తానే తిరిగిపోతుంది. మరలో తగినంత భాగం లోపల ఉందో లేదో కూడా చూడాలి. కడ్డీ లావుకు కనీసం ఒకటిన్నర రెట్లు లోపల ఉండాలనేది మంచి నియమం. 16 మి.మీ. కడ్డీ అయితే 24 మి.మీ. అన్నమాట. ఇంకా పొడుగు కావాలనే ఆశతో చివరి రెండు చుట్లమీద వేలాడదీస్తే, మలుపు మధ్యలో చెయ్యి ఊడివస్తుంది. చక్రం పక్కకు పడిపోతుంది. ఆ తర్వాత స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా లాభం ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కింది చేతి కాళ్ళకు రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఒక ఇనుప గొట్టం లోపల ఇంకో గొట్టం, రెంటి మధ్యా అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా నిలుస్తుంది. చెయ్యి పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరు మెలితిరుగుతుంది. కారు స్టాండ్లమీద ఉండగా చక్రం కిందికి వేలాడుతూ ఉంటుంది. 300 మి.మీ. పొడవున్న చెయ్యి కొన 80 మి.మీ. కిందికి దిగి ఉంటే, అది సుమారు 15 డిగ్రీలు. ఆ స్థితిలో బోల్టు బిగించారా, కారును దించగానే రబ్బరు 15 డిగ్రీలు మెలితిరిగి, అలాగే ఉండిపోతుంది. తడిబట్టను పిండి, ఆ మెలితోనే నెలల తరబడి పట్టుకున్నట్టు. ఒక షెడ్డులో ఇలా బిగించిన కారును నేను చూశాను. ఒక మూల కొంచెం ఎత్తుగా నిలబడింది, కొద్ది నెలల్లోనే రబ్బరు చిరిగిపోయింది. కాబట్టి బోల్టులను మొదట వదులుగా తగిలించి, కారు బరువు చక్రాలమీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. కొత్త చేతుల్లో రబ్బరుకు బదులు ఇనుప గోళం కీళ్ళు ఉంటే ఈ బెడద లేదు. కాని రోడ్డుమీది ప్రతి రాయి చప్పుడూ లోపలికి వినిపిస్తుంది, దుమ్ము పడితే త్వరగా అరుగుతాయి.

ఇప్పుడు కొలతలు. నేల సమంగా లేకపోతే కొలతలన్నీ తప్పే. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు 1400 మి.మీ. నేల ఒక పక్క 12 మి.మీ. పల్లంగా ఉంటే అర డిగ్రీ తేడా వచ్చినట్టే. ఇల్లు కట్టే మేస్త్రి పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి మట్టం చూడటం మీరు గమనించే ఉంటారు. ఇక్కడా అదే పద్ధతి పనికివస్తుంది. గొట్టం రెండు కొనల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కదా. పల్లంగా ఉన్న చక్రం కింద పలచని రేకులు పెట్టి సరిచేస్తారు. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరంత బరువున్న ఇసుక మూటలు సీటులో పెడతారు. డ్రైవరు ఎక్కితే కారు దిగుతుంది, దిగితే వాలు మారుతుంది. టైర్లు నేలకు పట్టుకుని బిగుసుకుపోకుండా, ఒక్కోదాని కింద గ్రీజు పూసిన రెండు రేకులు ఒకదానిమీద ఒకటి ఉంచుతారు.

క్యాంబర్ కొలవడానికి దారానికి గుండు కట్టి చక్రం ముందు వేలాడదీస్తే చాలు. దారం నుంచి రిమ్ము పై అంచుకు ఎంత దూరమో, కింది అంచుకు ఎంత దూరమో కొలవండి. రిమ్ము అంచు నుంచి అంచుకు 380 మి.మీ. ఉంటే, ప్రతి డిగ్రీకి 6.6 మి.మీ. తేడా వస్తుంది. రెండున్నర డిగ్రీలకు 16.6 మి.మీ. ఖరీదైన యంత్రం లేకపోయినా స్కేలు, దారం, ఓపిక ఉంటే సరిపోతుంది.

క్యాంబర్‌కు తోడు మరో రెండు కోణాలున్నాయి. ఆసుపత్రిలో మందుల బండి చక్రాలు చూడండి. చక్రం నేలను తాకే చోటు, దాన్ని తిప్పే కీలు కన్నా వెనక ఉంటుంది. అందుకే బండిని తోస్తే చక్రం దానంతట అదే వెనక్కి తిరిగి తిన్నగా నడుస్తుంది. కారులో కూడా పై చేతి కొనను కొంచెం వెనక్కి జరిపి ఈ గుణం తెప్పిస్తారు. ఇది క్యాస్టర్. పై చేతి ముందు కాలిని పొడుగు చేసి, వెనక కాలిని పొట్టి చేస్తే కొన వెనక్కి జరుగుతుంది. దీన్ని నేరుగా కొలవడం కష్టం. చక్రాన్ని 20 డిగ్రీలు బయటికి తిప్పి క్యాంబర్ చూస్తారు, మళ్ళీ 20 డిగ్రీలు లోపలికి తిప్పి చూస్తారు. తేడాను ఒకటిన్నరతో గుణిస్తే సుమారుగా క్యాస్టర్ వస్తుంది. ఈ ఒకటిన్నర ఎక్కడిదంటారా? 1ని, సైన్ 20 డిగ్రీలకు రెట్టింపుతో భాగించి చూడండి, 1.46 వస్తుంది.

చివరిది టో, అంటే కాలివేళ్ళు. మనుషుల్లో కొందరు బొటనవేళ్ళు లోపలికి పెట్టి నడుస్తారు, కొందరు బయటికి. చక్రాలూ అంతే. టైర్ల మధ్య ముందువైపు దూరం, వెనకవైపు దూరం ఒకే ఎత్తులో టేపుతో కొలిచి తీసివేస్తే టో వస్తుంది. చూడటానికి చాలా చిన్నది గాని, టైరును ఎక్కువగా తినేది ఇదే. 600 మి.మీ. వ్యాసమున్న టైర్లకు మొత్తం తేడా 3 మి.మీ. ఉందనుకోండి. ఒక్కో చక్రం వాటా 1.5 మి.మీ. అంటే 400లో ఒకటో వంతు. కారు ఒక కిలోమీటరు ముందుకు పోయేలోగా ఆ టైరు రెండున్నర మీటర్లు పక్కకు ఈడ్చినట్టు రోడ్డుకు రుద్దుకుంటుంది.

ఈ మూడింటినీ ఎలా పడితే అలా సరిచేయకూడదు. మొదట కారు ఎత్తు, తర్వాత క్యాస్టర్, ఆపైన క్యాంబర్, అన్నిటికన్నా చివర టో. కారణం వినండి. చక్రాన్ని తిప్పే టై రాడ్ పొడవు మారదు. చేతిని పొట్టి చేసి చక్రం పైభాగాన్ని లోపలికి లాగితే, టై రాడ్ తగిలిన చోటు కూడా జరగాలని చూస్తుంది. టై రాడ్ జరగనివ్వదు. దాంతో చక్రమే కాస్త తిరిగి టో మారిపోతుంది. ముందే టో పెట్టుకుంటే ఆ శ్రమంతా వృథా.

ఇంత చేసినా లెక్క సరిపోయిందని కాగితం చెప్పలేదు. టైరే చెప్పాలి. కారు నాలుగైదు చుట్లు వేగంగా తిరిగి రాగానే, ఆలస్యం చేయకుండా సూదిలాంటి ఉష్ణమాపకాన్ని టైరు రబ్బరులో గుచ్చుతారు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా చూస్తారు. ఎక్కువ బరువు మోసి, ఎక్కువ రాసుకున్న చోటే ఎక్కువ వేడెక్కుతుంది. మధ్య భాగం మాత్రమే వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. లోపలి అంచు కాస్త వేడిగా ఉండటం సహజమే. బయటి అంచు 92 డిగ్రీలు, మధ్య 88, లోపల 80 ఉన్నాయనుకుందాం. మలుపులో టైరు ఇంకా బయటి అంచుమీదే నిలబడుతోందన్నమాట. మరో అర డిగ్రీ వాలు పెట్టి చూడాలి. అర డిగ్రీకి 2.1 మి.మీ., చుట్టుకు 3 మి.మీ. చొప్పున 0.7 చుట్టు. రెండు కాళ్ళకూ సమానంగా తిప్పాలి, లేకపోతే క్యాస్టర్ మారుతుంది. లాక్ నట్లు బిగించి, కారును రేకులమీదికి దించి, మళ్ళీ టేపు తీసుకుని టో కొలవాలి.