సైనికుని చేతి తుపాకి: ఎన్నిక, సేకరణ

ఒక దేశం తన పదాతి సైనికునికి ఏ తుపాకి ఇవ్వాలి? పైకి చూస్తే ఇది ఆయుధశాల అధికారులు తేల్చుకోదగిన చిన్న ప్రశ్నవలె కనిపిస్తుంది. యుద్ధనౌకలు, విమానాలు, క్షిపణులు ఉన్న కాలంలో నాలుగు కిలోల తుపాకిని గూర్చి ఇంత విచారమెందుకని అడిగేవారూ లేకపోలేదు. కాని చరిత్ర విద్యార్థి ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేడు. మన గుంటూరు సీమ పరహస్తగతం కావడంలోనూ, రాయలసీమ కొంతకాలం దత్తమండలమన్న పేరు మోయడంలోనూ ఈ ప్రశ్నకు పాలున్నది.

ముందుగా మాటలను గూర్చి ఒక మాట. మనం తెలుగు మాటగానే వాడుకునే ‘తుపాకి’కి మూలం తుర్కీ భాషలోని ‘తుఫెక్’. ఉర్దూవారి ‘బందూక్’ అరబ్బీ నుండి వచ్చింది. మొదట దాని అర్థం ఒక రకం కాయ, గుండ్రని ఉండ. ‘ఫిరంగి’ అన్నది ఆయుధం పేరు కాక దానిని తెచ్చిన పరదేశీయుల పేరు. వస్తువు వచ్చిన దారినే పేరూ వచ్చింది. అయితే దానిలో కూరే పొడిని మాత్రం మనం ‘మందు’ అన్నాము. ఉర్దూలో ‘దారూ’ అన్నా ఔషధమూ అదే, తుపాకి మందూ అదే. ఆ మందుకు ముఖ్య ద్రవ్యమైన పెట్లుప్పు మన దేశంలో సమృద్ధిగా దొరికేది; ఓడలకెక్కి ఐరోపాకు పోయేది. ఉప్పు మనది, గొట్టం వారిది అన్నట్లు సాగిన వ్యవహారమిది.

పదునెనిమిదవ శతాబ్దిలో జామగి తుపాకి స్థానాన్ని చెకుముకి తుపాకి ఆక్రమించింది. జామగి తుపాకికి వత్తి ఎప్పుడూ రగులుతూ ఉండాలి. వాన పడితే ఆరిపోతుంది, రాత్రివేళ శత్రువునకు జాడ తెలుపుతుంది. చెకుముకి తుపాకికి ఆ బాధ తక్కువ. పైగా అన్నీ ఒకే కొలతకు చేసినవైతే ఒక దళంలోని గుండ్లు దళమందరికీ పనికివస్తాయి. ఆంగ్లేయుల తుపాకి గొట్టం వ్యాసం అంగుళంలో 75 శతాంశాలు, ఫ్రెంచివారిది 69. ఆంగ్లేయుని గుండు ఫ్రెంచి గొట్టంలో దిగనే దిగదు. కనుక ఫ్రెంచి తుపాకులు చేతబట్టిన రాజు ఫ్రెంచి ఓడల రాకకై ఎదురుచూడాలి, లేదా ఆ గుండ్లు తానే పోసుకోవాలి. తుపాకి ఎన్నిక అంటే గుండు ఎన్నిక. గుండు ఎన్నిక అంటే అది వచ్చే దారి ఎన్నిక.

ఆ దారి మన తీరానే ఉండేదని ఎందరికి తెలుసు? 1759లో సలాబత్ జంగ్ చేసిన ఒప్పందంతో మచిలీపట్నం, నిజాంపట్నం ఆంగ్లేయ కంపెనీ పరమైనాయి. 1766లో నిజాం ఆలీఖాన్ తక్కిన ఉత్తర సర్కారులను అప్పగిస్తూ, గుంటూరు సర్కారును మాత్రం తన తమ్ముడు బసాలత్ జంగ్ జీవితాంతం అనుభవించేటట్లు ఉంచాడు. అందుచేత మోటుపల్లి రేవు కంపెనీ చేతికి చిక్కకుండా మిగిలింది. 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి ఇదే. రామాపురం, బాపట్ల ప్రాంతాల విద్యార్థులకు ఇది కొత్త ఊరు కాదు. కాని మనవారు ఆ శాసనాన్ని తలచినంతగా ఈ తరువాతి కథను తలవరు.

బసాలత్ జంగ్ కొలువులో లాలీ అనే ఫ్రెంచి అధికారి నడిపిన దళముండేది. (వందవాసిలో ఓడిన లాలీ వేరు, ఇతడు వేరు.) ఆ దళానికి మనుషులు, సరంజామా మోటుపల్లి మీదుగా చేరుతున్నవని చెన్నపట్నం ప్రభుత్వం ఏళ్ల తరబడి గగ్గోలు పెట్టింది. 1779లో గుంటూరు సర్కారును కౌలుకు తీసుకొని, ఫ్రెంచివారిని తొలగించేటట్లు బసాలత్ జంగ్‌ను ఒప్పించింది. అదే ఏట పడమటి తీరాన ఫ్రెంచివారి మాహే రేవును పట్టుకొని, హైదరాలీకి ఆయుధాలు చేరే వాకిలిని కూడా మూసింది. రెండు తీరాలలో ఒకే ఏడు జరిగిన ఈ రెండు పనులను పక్కపక్కన పెట్టి చూస్తే కంపెనీ లెక్క మనకు అర్థమవుతుంది. రాజుతో పోరాడే కంటే రాజుకు తుపాకి మందు అందే రేవును మూయడం చవుక. లాలీ దళం తరువాత హైదరాలీని చేరి 1780లో పొల్లిలూరు యుద్ధంలో పాల్గొన్నది. 1782లో బసాలత్ జంగ్ మరణించాడు. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ స్వాధీనమైంది.

రేవు పోయినా నిజాం మరో యత్నం చేశాడు. ఫ్రెంచివాడైన రేమాన్ హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నడిపాడు. నేటి గన్‌ఫౌండ్రీ, ఉర్దూవారి ‘తోప్ కా సాంచా’, దాని గురుతే. అతనిని హిందువులు మూసా రాముడనీ, ముస్లిములు మూసా రహీమనీ పిలిచేవారని ప్రతీతి. బయటినుండి కొనడం కంటే ఇంట చేసుకోవడం మేలన్న ఆలోచన మంచిదే. అయితే ఆ కార్ఖానా కీలకం ఒక మనిషి చేతిలో ఉన్నదేగాని రాజ్యం చేతిలో లేదు. 1798 మార్చిలో రేమాన్ మరణించాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. అక్టోబరు 22న, జీతాల బకాయిలతో అప్పటికే అలజడి చెందిన ఫ్రెంచి దళంవారు, పదివేలకు పైబడినవారు, ఒక యుద్ధమైనా లేకుండా ఆయుధాలు కింద పెట్టారు. ఇక కంపెనీ పటాలాలకై నిజాం ఏటా 24 లక్షలకు పైగా రూపాయలు చెల్లించాలి. సుమారు రెండేళ్లకే, 1800 అక్టోబరులో, ఆ రొక్కానికి బదులుగా బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను ధారపోయవలసి వచ్చింది. పరుల తుపాకికి అద్దె కట్టలేక మండలాలు కట్టిన ఉదాహరణ ఇది.

ఎన్నికలో మరచిపోరాని మరో అంశం ఆ తుపాకిని పట్టే మనిషి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి అప్పటివాటిలో శ్రేష్ఠమైనది; దూరానికి, గురికి పాతవేవీ దానికి సాటిరావు. కాని దాని కాగితపు తూటాను నోట కొరికి విప్పాలి. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం హిందూ సిపాయిలనూ, ముస్లిం సిపాయిలనూ ఒక్కటిగా కలతపెట్టింది. 1857 తిరుగుబాటుకు కారణాలు ఇంకా లోతైనవే గాని నిప్పురవ్వ ఇక్కడ పడింది. కొనేవాడు గొట్టాన్ని పరీక్షించాడు, మనిషిని అడుగలేదు. ఆ తరువాత కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చినా, భారతీయ పటాలాలకు ఆంగ్ల పటాలాల కంటే ఒక తరం వెనుకటి తుపాకి ఇచ్చే పద్ధతి చాలాకాలం సాగింది. ఎవరిని నమ్ముతున్నారో వారు ఇచ్చిన తుపాకి చూసి చెప్పవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సైనికుని చేతిలో ఉన్నది పల్లెలలో సయితం పోలీసుల భుజాన చూసి మనం ‘త్రీ నాట్ త్రీ’ అని పిలుచుకున్న లీ ఎన్‌ఫీల్డ్. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారం దానిని తయారుచేసేది. నమ్మదగిన తుపాకి, పేటికలో పది తూటాలు, కాని కాల్చిన ప్రతిసారీ చేత్తో గడియ లాగి మూయాలి. 1962లో హిమాలయ సరిహద్దున ఎదుటివారిలో పెక్కుమంది చేత ఆ శ్రమ అక్కరలేని తుపాకులున్నాయి. నాటి పరాజయానికి చలిదుస్తుల లేమి, దారుల లేమి, పైవారి నిర్ణయాలు కూడా కారణాలే. అయినా 1963 నుండి 7.62 మిల్లీమీటర్ల స్వయంభరణ రైఫిలు, బెల్జియం నమూనాను అనుసరించినది, ఇషాపూర్‌లోనే తయారై సైన్యానికి అందసాగింది. తరువాతి తరంలో, 5.56 మిల్లీమీటర్ల తేలిక తూటా కాల్చే ఇన్సాస్‌ను మన శాస్త్రజ్ఞులే రూపొందించారు. 1999 కార్గిల్ పోరులో అతిశీతలానికి దాని తూటాల పేటికలు పగిలినవనీ, మరికొన్ని లోపాలున్నవనీ ఫిర్యాదులు వచ్చాయి. సొంత తుపాకి అన్నంతమాత్రాన సైనికుడు దానిని సహించనక్కరలేదు. అయితే లోపమున్నదని సొంత ప్రయత్నాన్నే విడిచిపెట్టడం కూడా సరికాదని నా అభిప్రాయం. దిద్దుకోవడానికి కార్ఖానా మన ఊళ్లో ఉండడమే సొంతం చేసుకోవడంలోని లాభం.

సేకరణ పద్ధతిని గూర్చి కొంత చెప్పాలి. సైన్యం మొదట తనకు కావలసిన గుణాలను పత్రంగా వ్రాస్తుంది: బరువు, దూరం, తూటా, ఎడారి దుమ్ములోనూ మంచులోనూ బురదలోనూ పనిచేసే శక్తి. ఆ తరువాత ధరఖాస్తులు, ప్రయోగ పరీక్షలు, ధరల పోలిక. చదవడానికి సక్రమంగానే ఉంటుంది. చిక్కు మొదటి పత్రంలోనే ఉన్నది. 2011లో గొట్టం మార్చి రెండు రకాల తూటాలు కాల్చగల ఒకే రైఫిలు కావాలని పిలిచారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఆ పత్రం వ్రాసినవారికి ఎవరూ గుర్తు చేయలేదు కాబోలు! 2015లో ఆ ప్రయత్నం రద్దయింది. నాలుగేళ్లు గడచినా సైనికుని చేతిలో తుపాకి మారలేదు.

2019 ఫిబ్రవరిలో అత్యవసర మార్గాన అమెరికా నుండి 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం జరిగింది. అదే ఏడు మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో రష్యాతో కలసి ఏకే 203 తయారుచేసే సంస్థను ప్రారంభించారు. 2021 డిసెంబరులో ఆరు లక్షలకు పైగా రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. 2024 జూలై నాటికి 35,000 అందాయి. ఇక్కడ విద్యార్థులు ఒక సూక్ష్మం గమనించాలి. ఈ రెండు తుపాకుల తూటాలూ 7.62 మిల్లీమీటర్లవే. కాని ఒకదాని గుల్ల పొడవు 51 మిల్లీమీటర్లు, రెండవదానిది 39. ఒకటి మరొకదానిలో పనికిరాదు. ఇన్సాస్ తూటా వీటికి వేరు. పేరులో ఒకే అంకె ఉన్నా, కొండమీదికి కంచరగాడిదపై తూటాలు పంపే సరఫరా అధికారికి ఇవి మూడు వేర్వేరు పెట్టెలు. 75, 69 శతాంశాల నాటి చిక్కు వేరు రూపంలో నేటికీ నిలిచే ఉన్నది.

రేమాన్ ఫిరంగులు పోసిన హైదరాబాదులోనే లోకేష్ మెషీన్స్ అనే సంస్థ ‘అస్మి’ అనే చిన్న తుపాకిని తయారుచేస్తున్నది. దీని రూపకల్పనలో మన సైన్యాధికారి ఒకరు, పుణేలోని ఆయుధ పరిశోధనశాల పాలుపంచుకున్నారు. ‘అస్మి’ అనగా సంస్కృతంలో ‘ఉన్నాను’ అని అర్థం. 2024లో సైన్యపు ఉత్తర కమాండు 550 తీసుకున్నది. ఆరు లక్షల ముందు ఇది పిడికెడే. అయితే సైన్యం ఎన్నో ఏళ్లుగా వాడుతున్న స్టెర్లింగ్ కార్బైన్ కాల్చే 9 మిల్లీమీటర్ల తూటానే ఇదీ కాలుస్తుంది. దీనికోసం సరఫరా అధికారి నాలుగవ పెట్టె తెరువనక్కరలేదు.