పాత్ర – నీతి – నిర్ణయం: ఒక పరిశీలన

మనిషిని ఒక్క మాటలో తేల్చెయ్యడం మనకు బాగా అలవాటు. "వాడు మంచోడు", "వీడు ఉత్త మొండోడు" అంటాం. అంతటితో ఆ మనిషి గురించి ఆలోచించడం మానేస్తాం. ఈ అలవాటు ఆటలోనూ, నాటకంలోనూ ఎటువంటి చిక్కు తెచ్చిపెడుతుందో ఈ చిన్న వ్యాసంలో పరిశీలించదలచాను. మాది వీర్నపల్లి. కనుక ఉదాహరణలు కూడా మా చుట్టుపక్కల నుంచే తీసుకుంటాను.

ముందుగా ఆట సంగతి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మన యక్షగానంలో సూత్రధారుడి వంటివారన్నమాట. మిగతావారు తలా ఒక పాత్ర తీసుకొని, "నా పాత్ర ఇప్పుడు ఈ పని చేస్తుంది" అని నోటితో చెబుతారు. సందేహం ఉన్నచోట ఆ పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. వేషం కట్టనక్కరలేదు, సంభాషణలు ముందే రాసి ఉండవు.

ఇటువంటి ఆటల్లో ప్రసిద్ధమైనది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించగా 1974లో వెలువడింది. ఇందులో ప్రతి పాత్రకూ 'అలైన్‌మెంట్' ఉంటుంది, అంటే నీతి విషయంలో ఆ పాత్ర ఏ పక్షమో ముందే రాసుకోవాలి. మొదట్లో మూడే పక్షాలు: కట్టుబాటు, తటస్థం, అరాచకం. 1978 నాటి పుస్తకానికి వచ్చేసరికి మంచి, చెడు అనే రెండో కొలత కూడా కలిసి మొత్తం తొమ్మిది గడులు అయ్యాయి.

ఈ రెండు కొలతలు ఎందుకు? కట్టుబాటు వేరు, మంచితనం వేరు కనుక. ప్రహ్లాదుని కథే చూడండి. మా పక్క జిల్లా జగిత్యాలలో ధర్మపురి నరసింహస్వామి క్షేత్రం ఉంది కాబట్టి, ఈ కథ తెలియనివారు మా దిక్కు ఉండరు. హిరణ్యకశిపుడు తండ్రి, పైగా రాజు. అతని ఆజ్ఞే చట్టం. కొడుకు ఆ ఆజ్ఞ మీరాడు. కట్టుబాటు కొలతలో కొడుకుదే తప్పు, మంచి కొలతలో కొడుకుదే ఒప్పు. ఇక నరసింహుడు? పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, ఇంటా బయటా కాని గడప మీద, వరంలో ఒక్క మాట కూడా తప్పిపోకుండా రాక్షసుణ్ణి చంపాడు. కట్టుబాటును తెంచకుండానే దాన్ని దాటిపోయాడు.

హిరణ్యకశిపుని వేషం వేసేవాడు మరొకటి గమనించాలి. తోడబుట్టిన హిరణ్యాక్షుణ్ణి విష్ణువు చంపాడన్న దుఃఖం అతనికి ఉంది. ఆ దుఃఖం తెలియకుండా వేషం కడితే మిగిలేది ఉత్త కేకలే.

ఇప్పుడు మా జిల్లాలోనే ఉన్న వేములవాడకు వద్దాం. చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి క్రీ.శ. 941లో కన్నడంలో 'విక్రమార్జున విజయం' రచించాడు. ఆ భారతం చివర ఆయన ఒక్కొక్క వీరునికి ఒక్కొక్క గుణం చెబుతాడు. ధర్మరాజుకు నిర్మలచిత్తం, భీమునికి పరాక్రమం, కర్ణునికి సత్యం. దుర్యోధనునికి? పట్టుదల! ప్రతినాయకునికి కూడా తిట్టు కాక సుగుణమే దక్కింది. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నది ఆ పట్టుదలే, కులమంతా నాశనమైందీ ఆ పట్టుదల వల్లనే. గుణం ఒక్కటే, అది ఎటు తీసుకుపోతుందన్నది మాత్రం మనిషి నిర్ణయం.

కర్ణుడు మరీ చిక్కు. జన్మరహస్యం చెప్పి, రాజ్యం నీదేనని కృష్ణుడు పిలిచినా రాలేదు. స్నేహితునికి ఇచ్చిన మాట విడవలేదు. అదే కర్ణుడు నిండుసభలో ద్రౌపదిని అవమానించాడు. అతన్ని తొమ్మిది గడుల్లో ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి మిగిలిపోతుంది.

ఇక మా హాస్టల్ ముచ్చట ఒకటి. ఒక మిత్రుడు దొంగ పాత్ర తీసుకున్నాడు. అడవిలో తోటివాళ్లంతా నిద్రపోతుంటే వాళ్ల మూటలే కొట్టేశాడు. ఇదేందిరా అంటే, "నేనేం జెయ్యాలె? నా పాత్ర గుణమే అంత" అన్నాడు. ఆ రాత్రి ఆట ఆగిపోయింది, రెండు రోజులు మాటలు కూడా లేవు. నా వాదన ఇది: దొంగతనం పాత్ర గుణమే కావచ్చు. కానీ దొంగ ఎక్కడైనా దొంగిలించవచ్చు, ఒకచోట దొంగిలించకుండా ఊరుకోవచ్చు కూడా. ఎదుట ఉన్న నూరు దారుల్లో స్నేహితుల ఆట చెడగొట్టే దారిని ఎంచుకున్నది పాత్ర కాదు, ఆటగాడు.

అందుచేత పాత్ర తీసుకునేవారు గడి వెతికే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. ఒకటి, ఈ పాత్ర ఎవరికి మాట ఇచ్చి ఉంది? రెండు, దేనికోసమైతే ఆ మాట తప్పుతుంది? మూడు, ప్రాణం పోయినా చెయ్యని పని ఏది? ఈ మూడింటికీ జవాబు దొరికిన తర్వాత గడి పేరు పెన్సిలుతో రాసుకోండి. ఆటలో పాత్ర చేసిన పనులు వేరేగా తేలితే ఆ పేరు చెరిపి మరొకటి రాయండి. అంతే గానీ, పేరు కోసం పనులను వంచకండి.

కళాశాల వార్షికోత్సవాల్లో దుర్యోధనుని వేషమో, కీచకుని వేషమో వచ్చిన మిత్రులు కూడా ఈ ప్రశ్నలు వేసుకుని చూడవచ్చు. అంతకన్నా ముఖ్యం, తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చునే తోటి విద్యార్థికి మనం తగిలించే 'రౌడీ', 'పల్లెటూరోడు' అనే పేర్లు. వాటినీ పెన్సిలుతోనే రాసుకుందాం మిత్రులారా. అతను ఎవరికి ఏ మాట ఇచ్చి ఇంత దూరం చదువుకోవడానికి వచ్చాడో మనలో ఎంతమందిమి అడిగాం?