పాదాల బాధలు – ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

మన శరీర భారమంతా మోసేవి పాదాలే. అయినా ముఖం చూసుకున్నంత శ్రద్ధగా పాదాలను చూసుకునేవారు తక్కువ. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్లు ఉన్నాయి. ఇన్ని భాగాలున్న చోట ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక బాధ రావడం సహజం. వాటిలో చాలావరకు ఇంటి జాగ్రత్తలతోనే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం ఆలస్యం చేస్తే కాలికే ముప్పు తెస్తాయి. ఏవి ఇంట్లో చూసుకోవచ్చో, వేటికి ఆసుపత్రికి రావాలో తెలుసుకుందాం.

మడమ నొప్పి

ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టు నొప్పి వస్తుంది. కాసేపు నడిస్తే తగ్గుతుంది. మళ్లీ కూర్చుని లేస్తే మొదలవుతుంది. మడమ నుండి వేళ్ల వరకు అరికాలిని పట్టి ఉంచే గట్టి పొర దెబ్బతినడమే దీనికి ముఖ్య కారణం. ఎక్కువసేపు నిలబడి పని చేసేవారిలోను, బరువు పెరిగినవారిలోను ఇది ఎక్కువ.

ఎక్సరేలో మడమ ఎముక పెరిగినట్టు కనబడితే చాలామంది ఆపరేషన్ తప్పదని భయపడతారు. ఏ నొప్పీ లేనివారిలో కూడా అలాంటి పెరుగుదల కనబడుతుంది. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోవడం, బరువు తగ్గడం, గోడకు చేతులు ఆనించి మడమ నేల మీదే ఉంచి పిక్కను సాగదీసే వ్యాయామం రోజూ చేయడం – వీటితో ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. రాత్రి నిద్రలో కూడా నొప్పి ఉన్నా, వాపు, జ్వరం, తిమ్మిరి తోడైనా డాక్టరుకు చూపించాలి.

చీలమండ బెణుకు

గట్టు మీద నుండో మెట్టు మీద నుండో కాలు మడతపడితే చీలమండ వాస్తుంది. కాలికి విశ్రాంతి ఇచ్చి, దిండు మీద ఎత్తుగా పెట్టాలి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15 నుండి 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. మొదటి రెండు మూడు రోజులు కాపడం పెట్టవద్దు, నూనె రాసి మర్దన చేయవద్దు.

నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా పొడుచుకు వచ్చిన ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, కాలు వంకర తిరిగినా ఎముక విరిగి ఉండవచ్చు. ఎక్సరే తీయించాలి. నాటు కట్టు బిగుతుగా కడితే రక్తం ఆగి వేళ్లు కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఏ కట్టు కట్టినా వేళ్లు చల్లబడితే, నల్లబడితే, మొద్దుబారితే వెంటనే కట్టు విప్పించి ఆసుపత్రికి రావాలి.

చర్మం, గోళ్లు, వాపులు

మడమ పగుళ్లకు రాత్రిపూట కాళ్లు కడిగి, తుడిచి, వేజిలిన్ గాని కొబ్బరినూనె గాని రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి. తడిలో పని చేసేవారికి ఆ సందుల్లో చర్మం తెల్లగా నాని దురద పెడుతుంది. పొడిగా ఉంచి, ఫంగస్ మందు వాడాలి. గోళ్లను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా కత్తిరించాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు.

రెండు కాళ్లూ వాస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్ష చేయించాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానికి ఆయాసం తోడైతే ఒక్క గంట కూడా ఆగకూడదు.

నొప్పి తెలియని పాదం

పైన చెప్పిన బాధలతో మనుషులు తమంతట తామే ఆసుపత్రికి వస్తారు, ఎందుకంటే నొప్పి వారిని తీసుకువస్తుంది. అన్నిటికంటె ప్రమాదమైన పాదం నొప్పి తెలియని పాదం.

షుగరు వ్యాధి చాలా ఏళ్లు అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. కుష్ఠువ్యాధిలో కూడా ఇలాగే జరుగుతుంది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఈ విషయాన్ని లోతుగా పరిశీలించారు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతట అవే ఊడిపోవడం లేదని, స్పర్శ లేనందువల్ల తెలియకుండా తగిలే గాయాలే వాటిని పాడు చేస్తున్నాయని ఆయన చూపించారు. షుగరు పాదానికీ అదే వర్తిస్తుంది. చెప్పులోని మేకు గుచ్చుకున్నా తెలియదు. ఎండాకాలం చెప్పులు బయట విడిచి చర్చి మెట్లు ఎక్కినప్పుడు అరికాలు కాలినా తెలియదు. వేడినీళ్ల కాపడానికి బొబ్బలు వచ్చినా తెలియదు.

పుండు పడ్డాక కూడా “నొప్పి లేదు కదా” అని దాని మీదే నడుస్తారు. అందుకే అది మానదు. మందులు, కట్లు ఎంత అవసరమో, ఆ పాదం మీద బరువు పడకుండా చూడడం అంతే అవసరం. పుండు లేకపోయినా షుగరు ఉన్నవారి పాదం ఒకటి ఎర్రగా, వేడిగా వాస్తే లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. దాని మీద నడవకుండా రావాలి.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష

షుగరు ఉన్నవారిని కాళ్లు చాపి కళ్లు మూసుకోమనండి. బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు తేలికగా తాకండి. నొక్కవద్దు, గీకవద్దు. రెండు పాదాలకు కలిపి ఆరు చోట్ల తాకినప్పుడల్లా ఏ పాదమో చెప్పమనండి. రెండు చోట్లు లేదా అంతకంటె ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. డాక్టరుకు చూపించండి. అన్నీ తెలిసినా ఏడాదికి ఒకసారి పాద పరీక్ష చేయించాలి.

స్పర్శ తగ్గినవారు పాటించవలసినవి:

• రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు అద్దం వాడాలి, లేదా కోడలినో మనుమడినో చూడమనాలి.
• ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవకూడదు.
• మేకులు లేని, వెనుక పట్టీ ఉన్న, మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు వాడాలి. వేసుకునే ముందు లోపల చేయి పెట్టి చూడాలి.
• కాళ్లకు కాపడం పెట్టకూడదు. నీళ్ల వేడి మోచేతితో చూడాలి.
• పొగ మానాలి, షుగరు అదుపులో ఉంచాలి.

ఆలస్యం చేయకూడనివి

షుగరు ఉన్నవారి పాదం మీద ఏ పుండయినా, బొబ్బయినా అదే రోజు, లేదంటే మరునాడు చూపించాలి. ఎర్రదనం పైకి పాకడం, చీము, చెడు వాసన, జ్వరం, వేలు నల్లబడడం ఉంటే రాత్రయినా రావాలి. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే దాచుకోకండి. కుష్ఠుకు పూర్తిగా నయం చేసే మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

నొప్పి ఉన్న పాదాన్ని మీరు మరచిపోరు. నొప్పి తెలియని పాదాన్ని కళ్లతోనే కాపాడుకోవాలి. ఈ రాత్రే మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారి పాదాలు ఒకసారి చూడండి.