ఇంధన పొదుపు: కొలత నుంచి చట్టం దాకా

ఒక దేశం ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతోందో చెప్పే ప్రధాన సూచిక ఇంధన తీవ్రత. ఒక రూపాయి జీడీపీ సాధించడానికి ఎంత ఇంధనం ఖర్చయిందన్నదే ఈ లెక్క. అయితే ఈ అంకె తగ్గినంత మాత్రాన సామర్థ్యం పెరిగినట్టు కాదు. పరిశ్రమల వాటా తగ్గి సేవారంగం పుంజుకున్నా అది తగ్గుతుంది.

అందుకే టన్ను సిమెంటుకో, టన్ను ఉక్కుకో ఎంత ఇంధనం పట్టిందన్నది విడిగా చూస్తారు. భారత్‌లో 2012లో మొదలైన ‘పాట్’ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకానికి పునాది ఇదే. తొలి విడతలో 8 రంగాల్లోని 478 సంస్థలకు లక్ష్యాలు పెట్టారు. లక్ష్యాన్ని మించి ఆదా చేసిన సంస్థకు సర్టిఫికెట్లు దక్కుతాయి. వెనకబడినవి వాటిని కొనుక్కోవాలి. ఒక్కో సర్టిఫికెట్ ఒక టన్ను చమురుకు సమానమైన ఇంధనానికి గుర్తు. కరెంటు లెక్కలో చెప్పాలంటే 11,630 యూనిట్లు.

ఇళ్లలో మార్పు తెచ్చింది 2015 జనవరి 5న ప్రారంభమైన ఎల్‌ఈడీ బల్బుల పథకం ఉజాలా. 60 వాట్ల బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి రోజూ 5 గంటలు వెలిగిస్తే, 30 రోజుల్లో 7.65 యూనిట్లు మిగులుతాయి. ప్రభుత్వ రంగ ఈఈఎస్‌ఎల్ సంస్థ కోట్ల బల్బులకు ఒకేసారి టెండర్లు పిలవడంతో 2014లో సుమారు రూ.310 ఉన్న సేకరణ ధర 2016 కల్లా రూ.38కి దిగింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నం వీధి దీపాలూ ఎల్‌ఈడీలయ్యాయి.

గుర్తుంచుకోవాల్సినవి: ఇంధన సంరక్షణ చట్టం 2001, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) ఏర్పాటు 2002 మార్చి 1, విద్యుత్ ఉపకరణాలకు స్టార్ లేబులింగ్ 2006, కార్బన్ క్రెడిట్ల ట్రేడింగ్‌కు వీలు కల్పించిన చట్ట సవరణ 2022, జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం డిసెంబరు 14.