పురుగుమందు డబ్బాపై రంగుల భాష

పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. అది రెండు త్రిభుజాలు: కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక మాట. 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద వచ్చిన 1971 నిబంధనలు దీన్ని తప్పనిసరి చేశాయి.

ఎరుపు అత్యంత విషపూరితం. పైన పుర్రె, ఎముకల గుర్తు, ఎర్ర అక్షరాల్లో ‘పాయిజన్’. మోనోక్రోటోఫాస్ ఈ కోవలోదే. పసుపులోనూ ‘పాయిజన్’ ఉంటుంది కానీ పుర్రె ఉండదు. పోటీ పరీక్షల్లో ప్రశ్న తరచూ ఈ తేడా మీదే తిరుగుతుంది. నీలానికి ‘డేంజర్’, ఆకుపచ్చకు ‘కాషన్’. ఆకుపచ్చ అంటే నిరపాయం అనుకునేరు, అదీ విషమే, కాస్త తక్కువ.

కొలమానం ఎల్‌డీ50: ప్రయోగ జంతువుల్లో సగం చనిపోయే మోతాదు. నోటి ద్వారా అయితే కిలో శరీర బరువుకు ఎరుపు 1-50 మిల్లీగ్రాములు, పసుపు 51-500, నీలం 501-5000, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ విషం ఎక్కువ. అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

మరో చిక్కు: రసాయనాల లేబుళ్లకు ఐక్యరాజ్యసమితి పెట్టిన జీహెచ్‌ఎస్ విధానంలో ‘డేంజర్’ తీవ్రమైన మాట, ‘వార్నింగ్’ దానికంటే తక్కువ. మన డబ్బాపై అదే ‘డేంజర్’ది మూడో మెట్టు.