చలికాలమున ఇంటిలో ఒక వెచ్చని మూల

పుష్యమాసములో పూస గ్రుచ్చ ప్రొద్దుండదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట వట్టిది కాదు. డిసెంబరు చివర మన ప్రాంతమున పగలు సుమారు 11 గంటలు మాత్రమే. తక్కిన 13 గంటలు రాత్రియే. ప్రొద్దు క్రుంకగానే పల్లెలలో తలుపులు మూతపడును. ఏడాదిలో మరి ఏ కాలమందును లేనంతసేపు మనము ఇంటి లోపల గడుపునది ఈ రెండు మూడు నెలలలోనే. అట్టి సమయమున ఇంటిలో ప్రతివారికిని హాయిగా కూర్చుండుటకు, నిశ్చింతగా నిద్రించుటకు ఒక చోటున్నదా అని ఆలోచించుకొనుట అవసరము.

హైదరాబాదు నుండి నాగార్జునసాగరు పోవు రహదారిపై నున్న ఇబ్రహీంపట్నమును, దాని చుట్టుపట్ల గ్రామములును దక్కను పీఠభూమికి చెందినవి. సముద్రపు గాలి ఇంతదూరము రాదు. శీతకాలమున ఆకాశము నిర్మలముగా నుండును గనుక, పగలు నేల సంపాదించుకొన్న వేడి రాత్రియందు అడ్డు లేక పైకి పోవును. చల్లగాలి బరువైనది, అది పల్లమునకు దిగి నిలుచును. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మోయు ఈ ఊరి పెద్దచెరువు క్రింది పల్లపు పొలములలో తెల్లవారుజామున మంచు పేరుకొనుట రైతులెరిగినదే. మధ్యాహ్నము అంగీ విడిచి పనిచేసిన వాడే వేకువను గజగజ వణకును. 1946 జనవరిలో హైదరాబాదు నగరమున ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల వరకు దిగిపోయినది. చలి మనకు కొత్త కాదు. మారినవి మన ఇండ్లు.

మారిన ఇల్లు

వెనుకటి మిద్దెలకు మూరెడు మందముగల మట్టిగోడలు, పైన దూలములు, దూలములపై చెక్కలు, వానిపై మట్టి ఉండెడివి. అట్టి గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకొని, రాత్రి మెల్లగా విడుచును. నేడు మన గ్రామములలో సిమెంటు స్లాబు ఇండ్లు ఎక్కువైనవి. వానకు కురియవు, చెదలు పట్టవు, ఏటేట మరమ్మతు లేదు. ఈ లాభములు చిన్నవి కావు. అయితే నాలుగైదు అంగుళముల స్లాబు త్వరగా వేడెక్కి, త్వరగానే చల్లబడును. అర్ధరాత్రి దాటునప్పటికి పైకప్పును, క్రింద పరచిన తాండూరు బండలును చల్లబడి, మధ్య నిద్రించువాని ఒంటి వేడిని లాగుకొనును. పాత ఇంటికి మరలిపొమ్మని ఎవరును చెప్పరు. ఉన్న ఇంటిలోనే వెచ్చని చోటును ఏర్పరచుకొను ఉపాయము నేర్వవలెను.

ఇల్లంతయు కాదు, కూర్చుండు చోటు

చలిదేశములలో పేదలు సైతము ఆచరించిన సూత్ర మొకటి కలదు: ఇల్లంతయు వెచ్చచేయ పనిలేదు, మనిషి ఉండు చోటును వెచ్చచేసిన చాలును. జపానులో కొటాత్సు అని ఒక పొట్టి బల్ల ఉండును. దానిపై బొంతవంటి దుప్పటి పరచి, అడుగున వేడి నుంచి, కుటుంబమంతయు కాళ్లు లోపలికి చాపుకొని చుట్టును కూర్చుందురు. మునుపు అందులో బొగ్గు వాడెడివారు. నేడు విద్యుత్తు వాడుచున్నారు. మన చలి వారి చలియంతటిది కాదు. మనకు నిప్పుతో పనిలేకయే ఆ సూత్రము అక్కరకు వచ్చును.

మొదట చోటును ఎన్నుకొనవలెను. శీతకాలమున సూర్యుడు నడినెత్తికి రాడు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నము సైతము దక్షిణమునకు ఒరిగి, నేలకు సుమారు 50 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. కావున దక్షిణపు కిటికీనుండి ఎండ ఇంటిలోనికి చాలదూరము వచ్చును. పగలు ఆ కిటికీని తెరచి, ఎండ తగ్గగానే మూయవలెను. దక్షిణపు గోడయు, సాయంకాలపు ఎండ తగులు పడమటి గోడయు ప్రొద్దు క్రుంకిన పిమ్మట కొంతసేపు వెచ్చగా నుండును. వంటయింటి ప్రక్క గోడయు అట్టిదే. మంచము వేయదగినది ఈ గోడల వైపునకే. ఉత్తరపు గోడకు, తలుపునకు ఎదురుగా వేయరాదు. తలుపు క్రింది సందులో పాతగుడ్డతో కుట్టిన పొడవైన ఇసుక సంచి నొకదానిని అడ్డముగా పెట్టిన, నేలబారున వచ్చు చలిగాలి ఆగిపోవును. మంచముపై దోమతెర కట్టిన దోమలును రావు, గాలి విసురును తగ్గును.

పరచుకొనునది, కప్పుకొనునది

చలికి రెండు దుప్పట్లు కప్పుకొని, క్రింద ఒక పలుచని చాప వేసికొనువారు అనేకులు. ఇది తలక్రిందులైన పని. నులకమంచము క్రింద గాలి ఆడును. బండ నేల ఒంటి వేడిని లాగును. కావున క్రింద వేయునదే మందముగా నుండవలెను. నేలపై పడుకొనువారు వరిగడ్డి పరచి, దానిపై ఈతచాప, దానిపై బొంత వేసికొనవలెను. వెచ్చదనము నిచ్చునది గుడ్డ బరువు కాదు, దాని పొరలలో చిక్కుకొనిన గాలి. పాతచీరలను పొరలు పొరలుగా పేర్చి మన ఆడవారు కుట్టు బొంత వెచ్చగా నుండుటకు కారణ మిదియే. రెండు మూడు రోజులకొకసారి దానిని ఎండలో ఆరవేయవలెను. చెమ్మ పట్టిన బొంతలో వెచ్చదనము నిలువదు.

గొంగడి సంగతియు చెప్పవలసియున్నది. దక్కను గొర్రెల నల్లని ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై మన కురుమ సోదరులు నేయు వస్త్రమది. చలిని ఆపును; చిన్న తుంపరను సైతము లోనికి రానీయదు. చౌక నూలు రగ్గులు వచ్చిన తరువాత, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెల పెంపకము పెరిగిన తరువాత గొంగడి నేత సన్నగిల్లినది. ఇంటిలో తాతల నాటి గొంగడి ఉన్నచో దానిని మూలకు పారవేయక, ఎండలో దులిపి, వేపాకు వేసి దాచుకొనుడు. పురుగు పట్టకుండ చూచుకొనిన అది అనేక సంవత్సరములు మన్నును.

ఎవరికి ఏ చోటు?

ఒక కుటుంబమును ఉదాహరణముగా తీసికొందము. రెండు గదులు, ముందు ఒక వసారా. ఇంటిలో వృద్ధురాలైన నాయనమ్మ, కొడుకు, కోడలు, పదవ తరగతి చదువు మనుమరాలు, నెలల పసికందు కలరు. ఇట్టి ఇంట నాయనమ్మ మంచము సాధారణముగా ఎచ్చట నుండును? వసారాలో! ఆమెకు ఆ చోటు ఇష్టమని అందరు చెప్పుదురు. పగలు ఆ మాట నిజమే. వచ్చిపోవువారితో పొద్దు గడచును. కాని రాత్రి చలిగాలి మొదట తగులునది ఆమెకే. వయసు మీరినవారి శరీరము వేడిని త్వరగా పుట్టింపలేదు. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. గుండెకు శ్రమ ఎక్కువగును. చలిప్రాంతముల ఇండ్లలో 18 డిగ్రీలకు తక్కువ కారాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. కావున ప్రొద్దు క్రుంకగానే ఆమె మంచమును లోపలికి, వెచ్చని గోడ ప్రక్కకు చేర్చవలెను. ఉదయము ఎండ రాగానే మరల వసారా ఆమెదే.

పసికందునకు తల్లి ఎదను మించిన వెచ్చని చోటు లేదు. కొలంబియా దేశపు బొగొటా నగరములో 1978లో తక్కువ బరువుతో పుట్టిన శిశువులను తల్లి ఎదకు ఒంటికి ఒళ్లు తగులునట్లు కట్టి కాపాడు పద్ధతి ప్రారంభమైనది; నేడు మన ఆసుపత్రులలోను నేర్పుచున్నారు. బిడ్డ తలకు టోపీ పెట్టవలెను. ముఖముపై మాత్రము దుప్పటి కప్పరాదు. పుట్టిన మొదటి 24 గంటలలో స్నానము చేయింపరాదు.

పదవ తరగతి పిల్లకు కిటికీ ప్రక్క ఒక చాప, కాళ్లపై కప్పుకొనుటకు ఒక చద్దరు, ఎడమ వైపున దీపము, గోడలోని గూటిలో ఆమె పుస్తకములు. ఇంతమాత్రముచేతనే ఒక చదువు గది ఏర్పడును. ఆ గూటిలో మరి ఎవరును తాళపుచెవులు, మందుసీసాలు పెట్టరాదు. అది తన చోటని తెలిసిన పిల్ల అచ్చట కుదురుగా కూర్చుండును.

ఇక కోడలు. అందరికంటె ముందు లేచి, చన్నీళ్లతో వాకిలి చల్లి, అంట్లు తోమి, అందరు పడుకొనిన తరువాత పడుకొనునది ఆమెయే. ఇంటిలో అందరికి చోటు చూపినది, తనకు చోటడుగనిది కూడ ఆమెయే. వంటయింటిలో బండపై వట్టి కాళ్లతో నిలువకుండ ఒక మందపాటి గోనెపట్ట, కూర్చుండుటకు ఒక పీట, తోముటకు గోరువెచ్చని నీరు, మధ్యాహ్నము గడియసేపు ఎండలో కూర్చుండుటకు తీరిక ఆమెకు అమర్చవలెను. వీనిలో మొదటి మూడింటికి ఖర్చు స్వల్పము. నాలుగవదానికి మగవారు ఒక పని అందుకొనిన చాలును.

ఒక హెచ్చరిక

ఇంత చెప్పిన పిమ్మట, చేయరాని పని ఒకటి గట్టిగా చెప్పవలసియున్నది. తలుపులు కిటికీలు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రింపరాదు. పొగ పోయి ఎర్రగా మండు బొగ్గులు ప్రమాదము లేనివని పలువురు భ్రమపడుదురు. ఆ బొగ్గులనుండియే కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్ను మండదు. ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో అది రక్తమును అంటుకొని, శరీరమునకు ప్రాణవాయువు అందకుండ చేయును. తలనొప్పి, వికారము, కళ్లు తిరుగుట, మత్తు దాని గుర్తులు. నిద్రలో నున్నవాడు వీనిని గుర్తింపలేడు. అట్టి గుర్తులు కనిపించిన వెంటనే ఆ మనిషిని బయటి గాలిలోనికి చేర్చి, 108కి ఫోను చేయవలెను. కుంపటి కాచుకొనవలెనన్న వాకిట కాచుకొని, పడుకొనుటకు ముందు ఆర్పి, బయటనే వదలవలెను. ఎంత చలియైనను పైకప్పు దగ్గరి గవాక్షము నొకదానిని తెరచియుంచవలెను. వేడినీటి సీసాను కాళ్లవద్ద పెట్టుకొనువారు దానికి గుడ్డ చుట్టవలెను. మధుమేహముచే పాదములు మొద్దుబారినవారును, పసిపిల్లలకును అది తగదు.

పై పనులకు పెద్ద ధనము అక్కరలేదు. మంచమును ఒక గోడనుండి మరొక గోడకు జరుపుట, బొంతను ఎండవేయుట, ఒక సంచి కుట్టుట, ఒక గూటిని ఖాళీచేయుట, ఇవియే. వీనికి ముందు కావలసినది ఒక్క ప్రశ్న: మన ఇంటిలో ఈ రాత్రి ఎవరికి ఎక్కువ చలి వేయుచున్నది? సాయంకాలము తలుపు మూయకముందు ఇంటి యజమాని ఈ ప్రశ్న వేసికొని, ఒకసారి ఇల్లంతయు కలయజూచిన, వెచ్చని మూల ఎచ్చట కావలెనో తానే తెలియును.