షార్‌త్ర దేవాలయము

ఫ్రాన్సు దేశమున పారిస్ నగరమునకు నైరుతి దిశయందు ఇంచుమించు 90 కిలోమీటర్ల దూరమున షార్‌త్ర అను పట్టణము కలదు. పారిస్ నుండి రైలులో పోవుటకు ఒక గంటకు పైగా పట్టును. పట్టణము చుట్టును బోస్ అను మైదానము వ్యాపించియున్నది. అచట కొండలు లేవు, అడవులు లేవు. కనుచూపుమేర గోధుమ పొలములే. ఆ పొలముల నడుమ వచ్చు బాటసారికి మొదట ఊరు కనబడదు. పైరుమీదుగా రెండు రాతి శిఖరములు మాత్రము ఆకసమున నిలిచి కనబడును. పూర్వము కాలినడకన వచ్చిన యాత్రికులు ఆ శిఖరములనే గురుతుగా పెట్టుకొని నడచెడివారు.

బిషప్పుయొక్క పీఠము ఉండు క్రైస్తవ దేవాలయమునకు కథీడ్రల్ అని పేరు. షార్‌త్రలోని కథీడ్రల్ యేసుక్రీస్తు తల్లియగు మరియమ్మ పేర వెలసినది. దాని ముందర నిలిచినవానికి మొదట తోచు వింత శిఖరముల పొంతనలేమి. దక్షిణపు శిఖరము 12వ శతాబ్దమున కట్టినది. నునుపై, నిరాడంబరమై 105 మీటర్ల యెత్తున నిలిచియున్నది. ఉత్తరపు గోపురముపై పూర్వము కొయ్య శిఖరముండెను. 1506లో పిడుగుపడి అది కాలిపోగా జాన్ ద బోస్ అను శిల్పి దానికి బదులు రాతి శిఖరమును కట్టెను. అది 113 మీటర్ల యెత్తుగలది, అడుగడుగున చెక్కడపు పనితో నిండినది. రెంటికిని నడుమ మూడున్నర శతాబ్దముల యెడమున్నది. తాత పక్కన మునిమనుమడు నిలుచున్నట్లుండు ఆ జంటను ఒకే తీరున మార్పవలెనని ఎవ్వరును పూనుకొనకపోవుట మేలైనది.

పడమటి ముఖమున ఉన్న మూడు వాకిళ్లకు రాజద్వారమని పేరు. 1145-1155 ప్రాంతమున చెక్కిన రాజులును, రాణులును స్తంభములవలె సన్నగా, నిడుపుగా వాకిళ్లకు ఇరుప్రక్కల నిలిచియుందురు. చాలమంది యాత్రికులు వారిని చూచి లోనికి పోవుదురు. కాని కుడి వాకిలిపై కమానులో చెక్కిన చిన్న బొమ్మలను తల యెత్తి చూడదగును. అవి ఆ కాలపు చదువులోని ఏడు శాస్త్రముల మూర్తులు. వ్యాకరణము ఒక స్త్రీ రూపమున కూర్చుండి యున్నది. ఆమె యొక చేత పుస్తకము, మరియొక చేత బెత్తములు ఉన్నవి. ఆమె పాదములకడ ఇద్దరు బాలురు కలరు. అందొకడు రెండవవాని జుట్టు పట్టి లాగుచున్నాడు. ఎనిమిదిన్నర శతాబ్దములకు పైగా వాడు ఆ జుట్టును వదలలేదు. బెత్తమును క్రిందికి దిగలేదు. బడిపిల్లలను దగ్గరగా చూచిన శిల్పియే దీనిని చెక్కియుండవలెను.

ఈ రాజద్వారము నేటి దేవాలయముకంటె పాతది. అంతకుముందున్న దేవాలయము 1194 జూన్ మాసమున ఒక రాత్రి అగ్నికి ఆహుతి అయ్యెను. పడమటి ముఖమును, నేలమాళిగయు మాత్రము మిగిలెను. మరియమ్మ ధరించినదని భక్తులు నమ్ము వస్త్రమొకటి అచట ఉండెడిది. దానిని చూచుటకే దూరదేశములనుండి జనులు వచ్చెడివారు. అదియు కాలిపోయినదని పురజనులు దుఃఖించిరి. మూడవనాడు కొందరు అర్చకులు నేలమాళిగనుండి ఆ వస్త్రముతో వెలుపలికి వచ్చిరి. తల్లి మునుపటికంటె గొప్ప ఆలయమును కోరుచున్నదని జనులు తలచిరి. బిషప్పును, ఆలయాధికారులును తమ రాబడిలో పెద్ద భాగమును మూడేండ్లపాటు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. సమీపమున ఉన్న బెర్షేర్ గనులనుండి రాళ్లు బండ్లపై కదలినవి. 1221 నాటికి కట్టడములో ముఖ్యభాగము పూర్తియయ్యెను. 130 మీటర్ల పొడవుగల ఆలయమునకు అది చాల తక్కువ కాలము. 1260లో తొమ్మిదవ లూయీ రాజు సమక్షమున ప్రతిష్ఠ జరిగెను. రాజు పేరు చరిత్రలో నిలిచినది; కట్టిన స్థపతి పేరు నిలువలేదు.

ఆ పేరు తెలియని స్థపతి యెదుట ఒక చిక్కు ఉండెను. రాళ్లను కమానుగా పేర్చినప్పుడు వాని బరువు క్రిందికే దిగదు, ప్రక్కలకును నెట్టును. ఇద్దరు బాలురు ఎదురెదురుగా నిలిచి, అరచేతులు ఆనించి, ముందునకు వంగి చూచినచో ఈ సంగతి తెలియును. వారి పాదములు వెనుకకు జారబోవును. వెనుక ఎవరైన కాలు అడ్డము పెట్టినచో జారవు. అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన పూర్వపు ఆలయములలో ఈ నెట్టుడును ఆపుటకు గోడలను మిక్కిలి మందముగా కట్టెడివారు. అట్టి గోడలలో పెద్ద కిటికీలు పెట్టుటకు వీలులేదు. అందుచేత ఆలయము ఎంత పెద్దదైన, లోపల అంత చీకటి.

పారిస్ సమీపమున సాన్ దెనీ మఠమునకు అధిపతియగు స్యూజే 1140 మొదలు తన ఆలయపు తూర్పు భాగమును కొత్త రీతిని కట్టించెను. మొనదేరిన కమాను అర్ధచంద్రాకారపు కమానుకంటె ప్రక్కలకు తక్కువ నెట్టును. రాతికప్పు క్రింద ఎముకలవలె అమర్చిన రాతి బద్దలు బరువును పోగుచేసి స్తంభములకు అందించును. ఈ రీతికి గోథిక్ అను పేరు తరువాతి కాలపు ఇటలీవారు పెట్టిరి. గోతులు అను జాతివారి మొరటుపని యని వారి భావము! తిట్టుగా పుట్టిన పేరు నేడు గౌరవముగా చెల్లుచున్నది.

షార్‌త్ర స్థపతి ఈ రీతిని ఇంకను ముందునకు తీసికొనిపోయెను. రాతికప్పును నేలనుండి ఇంచుమించు 37 మీటర్ల యెత్తున నిలిపెను. ఆలయము వెలుపల, గోడకు దూరముగా బలమైన రాతి దిమ్మెలను కట్టి, అచటినుండి కమానులను గోడమీదికి వంచెను. వెనుక కాలు అడ్డము పెట్టిన బాలుడు చేసిన పనినే ఈ దిమ్మెలు చేయును. బరువు మోయు పని తప్పిపోగా గోడ గోడగా ఉండవలసిన అగత్యము లేకపోయెను. దానిని తొలగించి ఆ స్థలమంతయు గాజుతో నింపిరి. కాబట్టి లోనికి పోవుటకు ముందు ఆలయము చుట్టును ఒకసారి తిరిగి వచ్చుట మంచిది. లోపల తేలికగా గాలిలో తేలుచున్నట్లు కనబడు దానిని వెలుపల ఎంత రాయి పట్టుకొనియున్నదో అప్పుడే తెలియును.

లోనికి అడుగిడినవానికి మొదట ఏమియు కనబడదు. ఎండలోనుండి వచ్చిన కన్ను కుదుటపడుటకు కొన్ని నిమిషములు పట్టును. తరువాత ఎఱుపు, నీలము మెల్లగా మేలుకొనును. మొత్తము 176 రంగుటద్దముల కిటికీలు. వాని వైశాల్యము 2,500 చదరపు మీటర్లకు పైబడినది. అందు చాల భాగము 13వ శతాబ్దపు గాజే. పడమటి ముఖమునగల మూడు పెద్ద కిటికీలును, నీలివస్త్రము ధరించి కూర్చుండిన మరియమ్మ చిత్రమును 1194 అగ్నిని తప్పించుకొన్న 12వ శతాబ్దపు పనులు. ఆ నీలపు వన్నెకు షార్‌త్ర నీలమనియే పేరు వచ్చినది.

తెలంగాణములోని మెదకున 1924లో ప్రతిష్ఠింపబడిన దేవాలయము ఈ గోథిక్ రీతిని అనుసరించినదే. అందును రంగుటద్దముల కిటికీలు కలవు. వానిని చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును: ఈ చిత్రములకు సూర్యుడే దీపము. రాత్రివేళ లోపల ఎన్ని దీపములు వెలిగించినను అవి లోపలివారికి నల్లని పలకలే.

షార్‌త్ర కిటికీల పైభాగములను చూచుటకు చిన్న దుర్భిణి కావలెను. క్రింది వరుసలకు అక్కరలేదు. అవియే మిక్కిలి ముచ్చటైనవి. పైన పునీతుల కథలు నడచుచుండగా అడుగున ఊరివారి పనిపాటలు కనబడును. రొట్టెలు కాల్చువారు, చెప్పులు కుట్టువారు, నాణెములు మార్చు షరాబులు, నీళ్లు మోయువారు, రాళ్లు చెక్కువారు తమ తమ పనులలో మునిగియున్నారు. నోవహు ఓడ కథగల కిటికీ క్రింద వడ్రంగులును, బండిచక్రములు చేయువారును ఉండుట ఎంతయు సముచితము. ఈ వృత్తులవారే ఆ కిటికీలను కానుకగా ఇచ్చిరని చిరకాలముగా చెప్పుచున్నారు. కష్టజీవులకు అంత ధనమెక్కడిది, ఆలయాధికారులే వారిని అట్లు చూపించిరేమో యని కొందరు పండితులు సందేహించుచున్నారు. ఎవరి సొమ్మైనను, రాజులకును పునీతులకును మీసాలిన గాజులో చెప్పులు కుట్టువాడు చోటు సంపాదించెను.

నేలపై 13 మీటర్లకు కొంచెము తక్కువ వ్యాసముగల చుట్టుదారి యొకటి రాళ్లతో పరచియున్నది. అది మెలికలు తిరిగి తిరిగి 260 మీటర్లకు పైగా సాగి నడిబొడ్డు చేరును. దానిపై సాధారణముగా కుర్చీలు వేసియుందురు. వేసవిలో శుక్రవారములందు వానిని తొలగింతురు.

1836లో మరల నిప్పు పుట్టి కప్పుమీది కొయ్యపని యంతయు బూడిదయయ్యెను. రాతికప్పు మాత్రము చెక్కుచెదరలేదు. దానివలననే క్రింది గాజు దక్కెను. కొయ్యకు మారుగా ఇనుప దూలములు వేసి రాగిరేకులు కప్పిరి. నేడు దూరమునకు కనబడు పచ్చని కప్పు అదియే.

1939లో యుద్ధము ముంచుకొని వచ్చినప్పుడు కిటికీలను పలక వెంబడి పలకగా విప్పి, కొయ్యపెట్టెలలో పెట్టి భద్రపరచిరి. 1944 ఆగస్టు 16వ తేదీన అమెరికా సేనలు పట్టణమును సమీపించినవి. జర్మనులు గోపురమునెక్కి ఫిరంగులకు గురి చూపుచున్నారను అనుమానముతో ఆలయమును కాల్చుటకు సిద్ధపడిరి. వెల్‌బోర్న్ గ్రిఫిత్ అను కర్నలుకు ఈ అనుమానము రుజువైనదిగా తోచలేదు. ఆయన ఒక్క సైనికుని వెంటబెట్టుకొని తానే పోయి ఆలయమును పరీక్షించెను. శత్రువు లేడని తెలుపగా ఫిరంగుల ఉత్తరువు రద్దయ్యెను. ఆ దినముననే, పట్టణమునకు ఆనుకొనియున్న లేవ్ గ్రామమున జరిగిన పోరులో ఆయన మరణించెను. యుద్ధానంతరము కిటికీలు తమ స్థానములకు తిరిగివచ్చెను. ఎదిరించి నిలిచినవాడు వానిని చూడలేదు. ఆయన వచ్చిన దినమున ఆలయమున ఆ గాజు లేదు.

2009 తరువాత లోపలి గోడలను శుభ్రముచేయగా మసి క్రింద 13వ శతాబ్దపు లేత పసుపు పూత బయటపడెను. నలుపే ప్రాచీనతయని నమ్మినవారు కొందరు దీనిని నిరసించిరి. మసి కొవ్వొత్తులది, పూత కట్టినవారిది. కాబట్టి ఆ నిరసన నిలువదగినది కాదు.

తూర్పు కిటికీలను ఉదయమున చూడవలెను. పడమటి మూడు కిటికీలకు సాయంకాలము తగిన వేళ. సూర్యుడు మైదానము అంచునకు దిగునప్పుడు ఆ నీలము లోపలి స్తంభముల మీదికి మెల్లగా ప్రాకును. అది కొంతసేపే ఉండును. పారిస్ రైలు వేళకు తొందరపడు యాత్రికులు చాలమంది దానిని చూడకయే పోవుదురు.